జిగురు బాబాయి ఉత్తరాల లెక్క

మా ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. జీతాలిచ్చే గుమస్తా కూడా "జిగురు బాబాయీ, సంతకం పెట్టి పో" అనేవాడు. పత్రికకు పాఠకులు రాసే ఉత్తరాలు విప్పి, చదివి, వరసలో పెట్టి నా బల్ల మీదికి చేర్చడం ఆయన పని. పంతొమ్మిదో ఏట ఊడ్చే పనికి వచ్చి, ఎనిమిదో తరగతి చదువుతోనే ఆ బల్ల దాకా ఎదిగాడు. వేళ్ళకు ఎప్పుడూ జిగురు ఎండి తెల్లటి పొట్టు రేగుతూ ఉండేది. భోజనానికి ముందు కిటికీ దగ్గర నిలబడి ఆ పొట్టు గీక్కోవడం ఆయనకు పెద్ద కార్యక్రమం.

ఉత్తరం విప్పాక ఎవరైనా కవరును చెత్తబుట్టలో పడేస్తారు. ఈయన పడేయడు. కవరు అంచులు బ్లేడుతో కోసి, పుస్తకం తెరిచినట్టు విప్పదీసి, ఒక్క గీత జిగురు రాసి ఉత్తరం వెనక అంటిస్తాడు. నేను ఉత్తరాల పేజీకి సబ్‌ఎడిటర్‌గా చేరిన మొదటి వారంలోనే ఆయనతో పోట్లాడాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. హారను ఆయనకు చేతికింద ఉంటే నాకు నోట్లో ఉందని మా ఇంట్లో ఒక వేళాకోళం.

"ఏంటి బాబాయ్ ఇది! ఒక్కో కట్టా దిండంత లావుంది. బీరువా తలుపు మూసుకోవట్లేదు. ఈ కవర్లు ఎవరికి కావాలి?"

"ఏం రాశారో ఉత్తరంలో ఉంటుంది. ఎక్కణ్ణించి వచ్చిందో కవరు మీద ఉంటుంది. రెండూ ఉండాలి కదమ్మాయ్."

"మనం అచ్చేసేది ఉత్తరం. కవరు కాదు."

"సరే తల్లీ, నీ మాటే కానీ," అని తలూపి, మర్నాడు మళ్ళీ అంటించాడు. ఆ మర్నాడూ అంతే. ఏడాది తిరిగేసరికి నేనే బీరువా మార్పించుకున్నాను. ఆయన ఎవరినీ ఎదిరించేవాడు కాదు, తన పని మాత్రం తను అనుకున్నట్టే చేసుకుపోయేవాడు. అలాంటివాళ్ళతో నాలాంటిదానికి ఒళ్ళు మండుతుంది. ఆ మొండితనానికి నేను జన్మంతా రుణపడి ఉంటానని అప్పుడు నాకేం తెలుసు?

నాలుగేళ్ళ తర్వాత మా నాన్నకు క్యాన్సరు వచ్చింది. చూస్తుండగానే వెన్నుపూసలోకి పాకింది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, మంచం మీద గోడవైపు తిరిగి, తువ్వాలు పళ్ళ మధ్య బిగించి పడుకునేవాడు. మూలుగు నాకు వినపడకూడదని. వినపడేది. వంటింట్లో కుళాయి ఎంత పెద్దగా తిప్పినా వినపడేది.

మా పక్క వీధిలో ఒక చిన్నాసుపత్రి ఉంది. రెండు గదులు, ఒక బల్ల, ఒక డాక్టరమ్మ, ఒక నర్సమ్మ. ఆ డాక్టరమ్మ నాన్నకు మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టింది. "ఇది జబ్బు తగ్గించదు. నొప్పి తగ్గిస్తుంది. నేను చెప్పిన లెక్కకి ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యొద్దు," అని నా కళ్ళలోకి చూసి మరీ చెప్పింది. మూడో రోజు పొద్దున నేను టిఫిను కడుతుంటే ముందుగదిలోంచి కేక వినపడింది. పరుగెత్తాను. నాన్న మంచం మీద లేచి కూర్చుని, కిటికీలోంచి రోడ్డు మీది బస్సును తిడుతున్నాడు.

"క్లచ్చి మీంచి కాలు తియ్యరా బాబూ! ప్లేట్లు మాడిపోతున్నాయి!"

నేను తలుపు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. మా నాన్న నాకు తిరిగి వచ్చాడు.

సరిగ్గా ఆ నెలలోనే ఊళ్ళో గొడవ మొదలైంది. మార్ఫిన్ మాత్రలు చిన్నాసుపత్రుల్లో ఇవ్వకూడదనీ, పెద్దాసుపత్రిలో చేరినవాళ్ళకే ఇవ్వాలనీ నగర ఆరోగ్య సంఘం ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. దాని వెనక పిల్లల భద్రతా వేదిక అని ఒకటి. ఏ కూడలిలో చూసినా వాళ్ళ బోర్డే: చిరిగిన స్కూలు సంచీ, అందులోంచి జారిపడుతున్న మాత్రలు. దానికి ఎదురు రోగుల ఊరట సమితి అని ఇంకొకటి. వాళ్ళ బోర్డు మీద ముడతలు పడ్డ చెయ్యి, కన్నీటి చుక్క. వేదికవాళ్ళు "మత్తు మాత్రలు" అంటే సమితివాళ్ళు "ఊరట మాత్రలు" అనేవాళ్ళు. మాత్ర ఒక్కటే. టీవీలో ఇద్దరూ అరుచుకునేవాళ్ళు. మా చిన్నాసుపత్రి బల్ల మీద కూర్చున్నవాళ్ళను మాత్రం మీకేం కావాలని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

పెద్దాసుపత్రి ఊరికి అటు చివర. రెండు బస్సులు మారాలి. నాన్న పది నిమిషాలు కూర్చోలేడు. ముప్పై ఏళ్ళు జనాన్ని బస్సులో కూర్చోబెట్టుకుని తిప్పినాయన, ఇప్పుడు తనే బస్సెక్కలేడు. చిన్నాసుపత్రిలో మాత్రలు ఆపేస్తే మళ్ళీ ఆ తువ్వాలే గతి. నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే.

ఉత్తరాలు వరదలా వచ్చాయి. ఆపెయ్యాలి, ఆపెయ్యాలి అనేవే ఎక్కువ. ఇక్కడే నేను ఒక వెధవ పని చేశాను. నా తండ్రి ఆ మాత్రలు వేసుకుంటున్నాడు కదా, నేను ఆ పక్కకి మొగ్గుతున్నానని ఎవరైనా అంటారేమోనని బెదిరిపోయి, ఆపెయ్యాలన్న ఉత్తరాలే ఏరి ఏరి వేశాను. రెండు వారాల్లో అటువి ఆరు, ఇటుది ఒకటి. నిష్పక్షపాతం అని దానికి నేనే పేరు పెట్టుకున్నాను. అసలు పేరు భయం. సంఘం మొదటి సమావేశంలో అధ్యక్షుడు మా పేజీ పైకెత్తి చూపించి, "ఇదిగో, ప్రజల మాట," అన్నాడు. ఇంకో తొమ్మిది రోజుల్లో తీర్మానం అన్నాడు. నేను విలేకరుల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. నా చేత్తో దిద్దిన పేజీ అది.

ఆ మధ్యాహ్నం ఆఫీసుకు పోకుండా తిన్నగా ఇంటికి వచ్చాను. మంచం ఖాళీ. తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు లేవు. వీధిలోకి పరుగెత్తబోతే గోడ పట్టుకుని, చొక్కా అంతా చెమటతో తడిసి, నాన్న మెల్లగా మెట్టెక్కుతున్నాడు.

"ఎక్కడికెళ్ళావ్?"

"గాలి కోసం వెళ్ళానే."

"గాలి కిటికీలోంచి రావట్లేదా? పడితే? ఎముక విరిగితే? పక్కింటివాళ్ళకైనా చెప్పాలనిపించలేదా? నీకు బుద్ధుందా నాన్నా!"

వీధి వీధంతా వినపడేలా అరిచాను. ఆయన మంచం మీద కూర్చుని, ఏదో దొంగపని చేసి దొరకనివాడిలా ముసిముసిగా నవ్వుతున్నాడు. అది చూసి నాకు ఇంకా మండింది. ఆయన చెప్పులు తీసి అల్మారా పైన పెట్టేశాను.

"రెండు జతలు తెచ్చుకోవలసింది," అన్నాడు నాన్న.

రెండు రోజుల తర్వాత జిగురు బాబాయి నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయన నా దగ్గరికి రావడం అరుదు. కట్టలు పెట్టి పోతాడంతే.

"అమ్మాయ్, ఓసారి ఇలా వస్తావా?"

ఆయన బల్ల మీద ఒక ఉత్తరం ఉంది. టైపు చేసింది. మత్తు మాత్రలు మన పేటల్లోంచి తరిమెయ్యాలని, పిల్లల భవిష్యత్తు గురించి నాలుగు పేరాలు. కింద పేరు, చిరునామా. మేమందరం ఫిర్యాదుల మాస్టారు అని పిలుచుకునే రిటైర్డ్ లెక్కల మాస్టారి పేరు అది. నీళ్ళు రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా మాకు రాసేవారు.

"మాస్టారు రాశారా? ఆయన..."

"పోయిన ఏడు పోయారు కదమ్మా. నేను వెళ్ళాను కూడా. నువ్వే పూలకి డబ్బులిచ్చావు."

ఉత్తరం చేతిలోకి తీసుకుని ఆ పేరు మళ్ళీ చదివాను. బాబాయి నెమ్మదిగా, దారంతో కట్టుకున్న కళ్ళజోడు సర్దుకుని, చిరునామా మీద వేలు పెట్టాడు.

"ఇంటి నంబరు చూడు. పద్నాలుగు."

"అయితే?"

"మాస్టారి ఇల్లు నలభై ఒకటి. ఒకసారి నువ్వు పేజీలో తారుమారు చేసి పద్నాలుగని వేశావు. ఆయన గొడుగేసుకుని ఆఫీసుకొచ్చి అరగంట నీతో పోట్లాడలేదూ? ఆ తప్పు ఈ లోకంలో మన పేపర్లో ఒక్కచోటే ఉంది."

చచ్చిపోయినాయన ఉత్తరం రాయడమే వింత అనుకుంటే, అదీ తనది కాని ఇంటినుంచి! అంటే ఎవరో మా పాత పేజీలు ముందేసుకుని, ఉత్తరాల కింద అచ్చయిన పేర్లూ చిరునామాలూ ఎత్తి రాసుకుని, వాళ్ళందరి పేరునా ఉత్తరాలు పుట్టించారు. మాకు నమ్మకమైన పాఠకుల పేర్లయితే మేం కళ్ళు మూసుకుని వేస్తామని వాళ్ళ లెక్క. వేశాం కూడా.

బాబాయి కట్ట తిరగేశాడు. ప్రతి ఉత్తరం వెనకా కవరు. ప్రతి కవరు మీదా తపాలా ముద్ర. చిరునామాలు పదకొండు పేటలవి. ముద్ర మాత్రం ఒకే తపాలా ఆఫీసుది, రెండే రెండు తేదీలది. అలాంటివి నూట నలభై ఎనిమిది ఉత్తరాలు. పిల్లల భద్రతా వేదిక ఆఫీసు ఉన్నది ఆ తపాలా ఆఫీసు మేడ మీదే.

ఆ మధ్యాహ్నమే ఆ కట్టలోంచి పది చిరునామాలు రాసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఎనిమిది ఇళ్ళల్లో మాకేం తెలీదన్నారు. ఒక ఇంట్లో ఆ పేరు గలాయన ఇల్లు మారి రెండేళ్ళయిందట. పదో ఇంటి ముసలావిడ తన పేరున ఉన్న ఉత్తరాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, "నేను రాస్తే ఇంత మర్యాదగా ఉంటుందా?" అంది.

ఒంటికి అంటించుకుంటే నొప్పి తగ్గే ఖరీదైన పట్టీలు తయారుచేసే కంపెనీ ఒకటుంది. చవక మాత్ర పేటల్లో దొరకకపోతే పట్టీకి గిరాకీ. వేదికకు ఆఫీసు అద్దె కట్టేది ఆ కంపెనీయేనని మా విలేకరి సాయంత్రానికల్లా కాగితంతో సహా పట్టుకొచ్చాడు. నాకు రెక్కలొచ్చినట్టయింది. మర్నాడు పొద్దున్నే ఎడిటర్ గారి గదివైపు దాదాపు పరుగు తీశాను.

"అమ్మాయ్, ఆగు," అన్నాడు బాబాయి వెనకనుంచి. "ఇంకో కట్ట ఉంది."

ఆ కట్ట మావైపుది. మాత్రలు ఉంచాలన్న ఉత్తరాలు. చేతిరాత, ఒక్కొక్కటి ఒక్కో దస్తూరి. వీటిలో ఏముంటుందన్నట్టు చూశాను. ఆయన ఒకటి తిప్పి, విప్పదీసి అంటించిన కవరు లోపలివైపు చూపించాడు. లోపల, చక్కగా, అచ్చులో, మార్ఫిన్ మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీ పేరు, గుర్తు, ఫోను నంబరు.

"ఆఫీసు కవర్లు తిరగేసి అంటించారమ్మా. పేరు లోపలికి పోతుందని. కొత్త కవర్లు కొనొచ్చు కదా, పాపం ఎవరో పొదుపరి. జిగురు వేరేగా ఉంటే అనుమానమొచ్చింది. అరవై మూడు."

పక్క బల్లలవైపు ఒకసారి చూశాను. గొంతు తగ్గించి, "బాబాయ్, ఇది మనం చూడలేదనుకుందాం," అన్నాను.

ఆయన నావైపు చూశాడు.

"అటువాళ్ళ సంగతి చాలు. ఇదీ బయటపెడితే రెండూ దొంగవే అంటారు. సంఘంవాళ్ళు ఏం చేస్తారు? ఎందుకొచ్చిన గొడవని ఆపేస్తారు. మా నాన్న... బాబాయ్, నీకు దణ్ణం పెడతాను."

"సగం చెప్పి ఊరుకుంటే రేపు మిగతా సగం వాళ్ళు చెప్తారు తల్లీ. ఫలానా ఆవిడ తండ్రికి ఆ మాత్రలే, అందుకే దాచిందంటారు. అప్పుడు మీ నాన్న తరఫున మాట్లాడ్డానికి నీకు నోరుండదు."

నిజమే. నిజమని తెలుస్తూనే ఉంది. తెలుస్తున్నకొద్దీ కోపం నెత్తికెక్కింది.

"నీకేం, ఎన్నైనా చెప్తావు. మీ ఇంట్లో ఎవరైనా తువ్వాలు కొరుక్కుంటూ పడుకుని ఉంటే తెలిసొచ్చేది!"

అనేశాను. పక్క బల్లలవాళ్ళు తలలెత్తారు. బాబాయి నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు. సొరుగు కొంచెం లాగి, అందులోకి ఒకసారి చూసి, మళ్ళీ మూసేశాడు. తర్వాత జిగురు సీసా మూత తీసి, మిగిలిన కవర్లు అంటించుకోవడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి బాత్రూంలో మొహం కడుక్కుని, తిరిగొచ్చి, ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఎన్ని మొత్తం?" అన్నాను.

"రెండు వందల ముప్పై ఒకటి. నూట నలభై ఎనిమిది అటువి. అరవై మూడు ఇటువి. పోగా నిజంగా మనుషులు కూర్చుని రాసినవి ఇరవై."

ఆ ఇరవై కట్ట ఇచ్చాడు. లెక్కపెడితే పంతొమ్మిదే ఉన్నాయి.

"ఒకటి తక్కువుంది."

"ఒకటి అచ్చుకి కాదులే," అన్నాడు. ఎవరో బూతులు రాసుంటారనుకున్నాను. అలాంటివి నాదాకా రానిచ్చేవాడు కాదు.

రెండు వైపులదీ రాశాను. ఏ ముద్ర, ఏ తేదీ, ఏ కవరు లోపల ఏ పేరు, అన్నీ. రెండు వారాలుగా నేను వేసిన ఆరు ఉత్తరాలూ దొంగవేననీ, చూసుకోకుండా వేసింది నేనేననీ కూడా రాశాను. రాసింది బాబాయికి చూపిస్తే ఆసాంతం చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశాడు. ఖాళీగా ఉంది.

"నీ కవరు ఏది?"

"నా కవరేంటి?"

"ఇది ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఉండాలి కదమ్మా."

అప్పుడు కింద మరో రెండు వాక్యాలు రాశాను. ఇది రాసినామె తండ్రికి క్యాన్సరు. ఆయన నొప్పికి వాడుతున్నది ఈ మాత్రలే. ఆ రెండు వాక్యాలు రాయడానికి నాకు మిగతా వ్యాసమంతటికన్నా ఎక్కువసేపు పట్టింది.

ఎడిటర్ గారు చదివి తల పట్టుకున్నారు. "అటు పట్టీలవాళ్ళ ప్రకటన పోతుంది, ఇటు మాత్రలవాళ్ళదీ పోతుంది. ఇద్దరూ వాయిస్తారు," అన్నారు. కలం మూత తీసి, "సరే, ఇద్దరూ వాయిస్తే మనం మధ్యలో ఉన్నట్టే," అని సంతకం పెట్టారు. దాని పక్క పేజీలో ఆ పంతొమ్మిది ఉత్తరాలూ ఒక్క మాట దిద్దకుండా, వచ్చిన వరసలో వేశాం.

ఆ పంతొమ్మిదీ చదివితే ఊళ్ళో అన్నాళ్ళూ జరిగిన అరుపులు ఎంత డొల్లవో తెలిసింది. అన్నీ ఒకవైపు లేవు. మందుల షాపులో పనిచేసే ఒకతను డాక్టర్ల పేరున దొంగ చీటీలు ఎలా వస్తాయో రాశాడు. లేతు మిషను మీద పనిచేసే ఒకాయన, తన భార్య చివరి నెల ఎలా గడిచిందో ఎనిమిది వరసల్లో రాశాడు. స్కూలు బస్సులో ఆయాగా పనిచేసే ఒకావిడ, నొప్పి మాత్రలకు అలవాటుపడి తన తమ్ముడు ఎలా పోయాడో రాసింది. ఎవరి వెనకా ఎవరూ లేరు.

తీర్మానం రోజున సంఘం అధ్యక్షుడు ఇదివరకటిలా పేజీ పైకెత్తలేదు. ఆ పంతొమ్మిది మందినీ పిలిపించారు. పదహారు మంది వచ్చారు. స్కూలు ఆయా లేచి నిలబడ్డప్పుడు నేను కలం కింద పెట్టేశాను. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఆపెయ్యమనే హక్కు ఎవరికన్నా ఆమెకే ఉంది.

"మా తమ్ముడికి ఆ మాత్రలు ఎవడో ఇచ్చాడు. ఎవడో తెలీదు. రాసుకున్న పుస్తకం లేదు, తాళం లేదు," అందామె. "తాళం పెట్టండయ్యా. ఇచ్చిన ప్రతి మాత్రా రాయండి. అంతేగానీ నొప్పితో ఉన్నవాళ్ళ దగ్గర లాక్కోకండి. లాక్కుంటే మా తమ్ముడు తిరిగొస్తాడా?"

ఆమె కూర్చున్నాక సంఘంవాళ్ళు చేతులెత్తి తేల్చారు. చిన్నాసుపత్రుల్లో మాత్రలు ఉంటాయి, రెండు తాళాల పెట్టెలో, ఇద్దరి సంతకాలతో, వాడని మాత్ర తిరిగిచ్చేయాలి. అదీ తీర్మానం. బయటికొచ్చి ఆ ఆయా చేతులు పట్టుకున్నాను. "అక్కా" అన్నాను. ఆమె నా భుజం తట్టి, పిల్లల్ని దింపే టైమైందని వెళ్ళిపోయింది.

నాన్న ఆ తర్వాత ఐదు నెలలు బతికాడు. ఆ ఐదు నెలలూ బతికాడు, నిజంగానే. మూలనపడ్డ టేబుల్ ఫ్యాను విప్పి బాగుచేశాడు. కుర్చీలో కూర్చుని, అన్నం పళ్ళెం చేతికిచ్చి, నాకు స్టీరింగు తిప్పడం నేర్పాడు. కిటికీలోంచి ఊళ్ళో డ్రైవర్లందరినీ తిట్టాడు. ఒక రోజు పొద్దున పేపరు చదువుతూ చదువుతూ, కళ్ళజోడు పెట్టుకునే వెళ్ళిపోయాడు. తువ్వాలు ఉతికి మడతపెట్టినట్టే అల్మారాలో ఉంది. మిగిలిన మాత్రలు నర్సమ్మకు తిరిగిచ్చి సంతకం పెట్టి వచ్చాను.

బాబాయి రిటైరైంది ఆ మరుసటి నెలలో. చిన్న సభ, దండ, టీ. నేను మాట్లాడ్డానికి లేచి, నాలుగు మాటలు కూడా పూర్తిచెయ్యలేక కూర్చున్నాను. అందరూ వెళ్ళాక ఆయన తన సొరుగు ఖాళీ చేసి, జిగురు సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పక్కన ఒక ఉత్తరం పెట్టాడు.

"ఇరవయ్యోది," అన్నాడు. "ఆయన ఉన్నంతకాలం నీకు చూపించొద్దన్నారు."

నాన్న దస్తూరి. ముప్పై ఏళ్ళు ట్రిప్పు షీట్లు నింపిన పెద్ద పెద్ద అక్షరాలు, కొంచెం వణుకుతూ.

"ఉత్తరాలు విప్పే బాబుగారికి నమస్కారం. మా అమ్మాయి మీ ఆఫీసులోనే చేస్తుంది. మీ గురించి ఇంట్లో చాలా తిడుతుంది కాబట్టి మీరు మంచివారని తెలిసింది. ఇది పేపర్లో వెయ్యడానికి కాదు. నేను క్యాన్సరు పేషంటుని. మా ఇంటి నుంచి పోస్టు డబ్బాకి నూట ఎనభై అడుగులు. ఈ ఉత్తరం నేనే స్వయంగా నడిచివెళ్ళి వేస్తున్నాను. మధ్యలో రెండు స్టాపులు పెట్టుకున్నాను. నెల కిందట పక్క మీద ఒత్తిగిలడానికి కూడా ఇంకొకరు కావలసి వచ్చేది. మాత్ర వల్ల ఇది జరిగింది. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. ఇంకో మాట. మా అమ్మాయి నా కోసం పేజీ అటో ఇటో వంచుతుందేమోనని నాకు బెంగ. స్టీరింగు నావైపు లాగనివ్వకండి. మాత్రలు ఆగిపోతే ఆగిపోతాయి, అది మాత్రం తలెత్తుకు తిరగాలి. నేను ఉన్నంతకాలం దానికి చెప్పకండి. బయటికెళ్ళానని తెలిస్తే తిడుతుంది."

వెనక కవరు అంటించి ఉంది. మా పేట తపాలా ఆఫీసు ముద్ర. తేదీ చూశాను. వీధంతా వినపడేలా నేను అరిచి, చెప్పులు అల్మారా మీద పెట్టిన రోజు.

ఈ ఉత్తరం సొరుగులో పెట్టుకునే ఆ రోజు నా మాట పడ్డాడు బాబాయి. మీ ఇంట్లో అయితే తెలిసొచ్చేదని నేనంటుంటే, సొరుగు లాగి చూసి, మూసేశాడు.

"బాబాయ్, ఆ రోజు నేను..."

"ఏ రోజు?" అన్నాడు. వేళ్ళ మీది పొట్టు గీక్కుంటూ, దండ సంచీలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఉత్తరాలు విప్పేది నేనే. కవర్లు కోసి, విప్పదీసి, వెనక అంటిస్తాను. కొత్తగా చేరినమ్మాయి బీరువా మూసుకోవట్లేదని విసుక్కుంటుంది. నాన్న ఉత్తరం ఎన్నోసార్లు తీసి చూసినందువల్ల కవరు ఒక మూల లేచిపోయింది. ఈ పొద్దున సీసా మూత తీసి, ఆ మూలకి కాస్త జిగురు రాసి, ఆరేదాకా వేలితో అదిమిపట్టుకుని కూర్చున్నాను.